తాళం చెవి గూడెం చేతికే ఇయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను హన్మకొండలో ఉంటున్న రిటైర్డ్ టీచర్ని. సర్వీసులో 11 ఏండ్లు ములుగు ఏజెన్సీలోనే గడిచింది, ఏటూరునాగారం దాటి లోపలికి పోతే వచ్చే కోయగూడేల స్కూళ్లల్ల. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం ఫొటోలు మీ పేపర్ల చూసిన, కొమ్ములు పెట్టుకొని ఆడేటోళ్లు, డోలు కొట్టేటోళ్లు, స్టేజి మీద దండలు, మైకు, పక్కనే ఆదివాసీ భవనం కావాలె అన్న డిమాండు. డిమాండు న్యాయమైనదే, నేను కూడ అదే అడుగుతున్న. కానీ బిల్డింగు లేస్తే పని అయిపోయినట్టే అని మనం అనుకుంటున్నం, నా అనుభవంల అట్ల కాలేదు, అందుకే ఇంత పెద్ద లెటర్ రాస్తున్న, వీలైతే కత్తిరించకుండ వెయ్యండి. నేను అడిగేది ఒక్కటే. ఆ బిల్డింగు తాళం చెవి ఎవరి దగ్గర ఉంటది?

ఎందుకు అడుగుతున్ననో చెప్త. నేను పనిచేసిన ఒక గూడెంల కమ్యూనిటీ హాల్ కట్టిన్రు. ఊరి పేరు వద్దు, ఏ ఆఫీసు కట్టించిందో అది కూడ వద్దు. మంచిగనే కట్టిన్రు, పైన స్లాబు, ముందు వరండా, గోడలకు ఆకుపచ్చ రంగు, హాలు వెనుక ఒక చిన్న రూము. ఓపెనింగ్ నాడు ఊరంత సంబరం, మేకలు కోసుకున్నరు, ఆడోళ్లు రాత్రి దాక రేల పాటలు పాడిన్రు. రెండు నెలలు గడిచినయో లేదో లోపల ఎలక్షన్ సామాన్లు పెట్టిన్రు, తర్వాత బ్లీచింగ్ పౌడర్ బస్తాలు, విరిగిన బెంచీలు, ఎవరివో సిమెంటు సంచులు. తాళం చెవి 14 కిలోమీటర్ల దూరంల మండల కేంద్రంల ఒక సారు టేబుల్ సొరుగుల.

ఆ సంవత్సరమే వానాకాలంల డోలి కుటుంబం ఒకటి ఊర్లకు వచ్చింది. తెల్వనోళ్ల కోసం చెప్తున్న, కోయల్లో డోలీలు అంటే ఆ జాతి చరిత్రను నోటికి పట్టుకొని ఊరూరు తిరిగేటోళ్లు. ఏ వంశం ఎక్కడినుంచి వచ్చింది, ఏ వేల్పు ఎవరిది, ఏ గట్టోళ్లు (గట్టు అంటే కొన్ని వంశాల గుంపు) ఏ గట్టోళ్లకు పిల్లనియ్యాలె, సమ్మక్క కథ ఏంది, పగిడిద్దరాజు ఎవరు, అంతా వాళ్ల దగ్గరే ఉంటది, కాయితం మీద ఏం ఉండదు. చేతుల డోలు, ఎదురుంగ పడిగె. పడిగె అంటే మూడు మూలల పొడుగాటి గుడ్డ, దాని మీద వరుసగ బొమ్మలు, ఒక్కొక్క బొమ్మ దగ్గర ఆగి కథ అందుకుంటరు. ఆ రోజు వచ్చిన పెద్దమనిషికి డెబ్బై దాటి ఉంటయి, ఎంట కొడుకు, మనవడు. చింతచెట్టు కింద గుంజకు పడిగె కట్టి మొదలుపెట్టిండో లేదో వాన అందుకున్నది. ఎదురుంగనే 50 అడుగుల దూరంల హాలు ఉన్నది. ఒక పిలగాడు బండి మీద మండలానికి పోయిండు చెవి కోసం, సారు లీవుల ఉన్నడట, చెవి ఎక్కడ పెట్టిండో ఇంకొకరికి తెల్వదు. అంతల ఆ ముసలాయన పడిగెను మెల్లగ చుట్టి, పాలిథిన్ కవర్ల పెట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రొమ్ముకు పట్టుకొని హాలు వరండాల ఒక మూలకు నిలబడ్డడు. జల్లు వరండా లోపలికే కొడుతున్నది. మా స్కూలు పిల్లలు ముప్పై మంది దాక తడుసుకుంట అట్లనే నిలబడి చూస్తున్నరు, కథ మొదలైతదని. కాలేదు. పొద్దు గూకినంక వాళ్లు ఇంకో ఊరికి పోయిన్రు. స్కూలన్న తెరిచి కూసోబెట్టలేదు నేను, ఆ ఆలోచన నాకు ఆ పూట రాలేదు, స్కూలు బిల్డింగుల ఇసొంటి కథలు చెప్పించొచ్చు అని కూడ నాకు తట్టలేదు, అది ఇప్పటికీ బాధ.

ఆ పెద్దాయన తర్వాత రెండేండ్లకు పోయిండని విన్న.

ఇప్పుడు ఇది పక్కకు పెట్టి ఇంకో సంగతి చెప్త, రెండిటికి సంబంధం ఉన్నది. మా బిడ్డ, అల్లుడు ఆస్ట్రేలియాల మెల్‌బోర్న్‌ల ఉంటరు. 2023 జూలైల పోయి అక్టోబర్ దాక అక్కడ ఉన్న. నేను అక్కడ దిగిన వారమే నైడాక్ వీక్ అని జరుగుతున్నది, అది అక్కడి మూలవాసులు, మనం ఆదివాసీలు అన్నట్టు అక్కడ ఆబొరిజినల్ అంటరు, వాళ్లు ప్రతి జూలైల జరుపుకునే వారం. ఆ ఏడాది దానికి పెట్టుకున్న మాట 'మా పెద్దల కోసం' అని. నన్ను ఆ మాటే పట్టుకున్నది. మా బిడ్డ ఆఫీసుల పనిచేసే ఆమె ఒకరు, ఆ జాతికి చెందిన మనిషే, మమ్ముల సిటీ శివారుల వాళ్ల గ్యాదరింగ్ ప్లేస్, అంటే వాళ్లంత కూడే జాగ, అనే దగ్గరికి తోలుకపోయింది. అసొంటివి ఆ విక్టోరియా రాష్ట్రంల చాలా ఊర్లల్ల ఉన్నయి.

నేనేమో పెద్ద మ్యూజియం లాగ ఉంటది అనుకున్న. పోయి చూస్తే పాత ఇల్లు లెక్క ఉన్నది. లోపల అన్నిటికన్న పెద్ద రూము కిచెను. గోడకు పెద్దల ఫొటోలు, ఇంకో గోడకు ఆస్ట్రేలియా మ్యాపు, అందుల రాష్ట్రాల గీతలు లేవు, ఏ భాషోళ్ల నేల ఎక్కడిదాక ఉంటదో అట్ల రంగులు వేసి ఉన్నది, దేశం మొత్తం బతుకమ్మ పేర్చినట్టు చిన్న చిన్న రంగు ముక్కలు. తెల్లోళ్లు రాకముందు 250కి పైగ భాషలు ఉండేవట అక్కడ. వెనుక దొడ్లె మొద్దులు గుండ్రంగ వేసి నడుమ నెగడు. అండ్ల పచ్చి నీలగిరి ఆకు వేసి పొగ పెట్టిన్రు, వచ్చినోళ్లు ఒక్కొక్కరు ఆ పొగల నుంచి నడిచి లోపలికి పోవాలె. మన దగ్గర సాంబ్రాణి పొగ పట్టినట్టే అనిపించింది నాకు.

అక్కడ పెద్ద వయసు ఆడమనిషిని ఆంటీ అంటరు, మొగాయనను అంకుల్ అంటరు, చుట్టరికం ఉన్నా లేకున్నా, అది వాళ్లల్ల చాలా పెద్ద మర్యాద. మనం అవ్వా, తాతా, పెద్దమ్మా అన్నట్టే. ఆ ఇంటిని చూసుకునే ఆంటీ మెడల ఐడీ కార్డు దారానికి తాళం చెవుల గుత్తి. నా చూపు అక్కడనే ఆగిపోయింది, మా గూడెం హాలు యాదికొచ్చి. ఈ చెవులు మీ దగ్గరే ఉంటయా అని మా బిడ్డతోని అడిగించిన. ఆమెకు ముందుగాల నా ప్రశ్న సమజ్ కాలేదు, మా ఇంటి చెవులు ఇంకెవరి దగ్గర ఉంటయి అన్నట్టు చూసింది. తర్వాత వివరంగ చెప్పింది, పైసలు ఎక్కువ భాగం గవర్నమెంటు నుంచి వస్తయట, లెక్కలు అడుగుతరట, కానీ కమిటీల ఉండేటోళ్లు, ఏ రోజు ఏం చెయ్యాలె అనేటోళ్లు, తలుపు తీసేటోళ్లు, మూసేటోళ్లు వాళ్ల మనుషులే.

పొద్దున చంటిపిల్లల ఆటలు, పక్క రూముల ఒక నర్సు బీపీ చూస్తది, ముసలోళ్లు టీ తాక్కుంట ముచ్చట పెడతరు, సాయంత్రం బడిపిల్లలు హోంవర్కు చేసుకుంటరు. వారంల ఒకరోజు భాష నేర్చుకునుడు, ఒకరోజు బుట్టలల్లుడు. ఆంటీ నాకు కూడ గడ్డిపోసలు ఇచ్చి అల్లుమన్నది, మూడు వరుసలు పోయినంక నావి వదులైనయి, ఆమె ఏమనకుండ మొత్తం ఊడదీసి మళ్లీ నా చేతుల పెట్టింది. రెండోసారి ఆమె నా బొటనవేలు పట్టుకొని ఎక్కడ నొక్కాలెనో చూపిచ్చింది. మా ఏజెన్సీల తడికలు అల్లేటోళ్ల దగ్గర కూసుంటే వాళ్లు కూడ అచ్చం ఇట్లనే నేర్పుతరు, నోటితోని కాదు, నీ వేలు పట్టుకొని. పుస్తకం చూసి ఇది రాదు. మనిషి పక్కన మనిషి కూసోవాలె, కూసునేటందుకు జాగ ఉండాలె, రోజూ ఉండాలె.

అక్కడ ఇసొంటి జాగలు ఎందుకు అంత ముఖ్యం అయినయో కూడ ఆమె చెప్పింది. ఇది మనోళ్లకు తెల్వాలె. 1910 నుంచి 1970 దాక ఆ దేశంల ఆబొరిజినల్ పిల్లలను తల్లుల దగ్గరి నుంచి గుంజుకపోయి హాస్టళ్లల్ల, మిషన్లల్ల, తెల్లోళ్ల ఇండ్లల్ల పెంచిన్రు, చట్టం పేరు మీదనే. దొంగిలించిన తరాలు అని అంటరు వాళ్లను. 2008 ఫిబ్రవరి 13న ప్రధానమంత్రి కెవిన్ రడ్ పార్లమెంటుల నిలబడి క్షమాపణ చెప్పిండు. అట్ల పెరిగిన పిల్లలకు తమ భాష తెల్వదు, తల్లి ఊరు తెల్వదు. ఆంటీ వాళ్ల అమ్మ కూడ అట్ల పోయిన పిల్లనే అంట. నలభై, యాభై ఏండ్లు వచ్చినంక నేను ఎవరిని అని వెతుక్కుంట మొదలు వచ్చేది ఈ గ్యాదరింగ్ ప్లేసుకే. రాంగనే మీది ఏ మాబ్ అని అడుగుతరు. మాబ్ అంటే వాళ్ల వాడుకల మన వంశం, మన తెగ అసొంటి మాట. గోండుల్లో మీది ఎన్ని దేవతల సగ (సగ అంటే వంశాల గుంపే) అని అడిగినట్టు, కోయల్లో మీది ఎన్నో గట్టు అని అడిగినట్టు. పేరు చెప్తే ముసలోళ్లు ఆలోచించి, ఓ నువ్వు ఫలానా ఆమె మనవరాలివి అని చెప్తరు, అక్కడనే ఏడుస్తరు.

అట్లని అక్కడ అంతా బాగున్నది అని నేను చెప్తలేను. నేను ఉన్నప్పుడే అక్టోబర్ 14న, రాజ్యాంగంల వాళ్లను గుర్తించి పార్లమెంటుకు సలహా చెప్పే ఒక సంఘం పెట్టాలె అని రెఫరెండం పెడితే, ఆరుకు ఆరు రాష్ట్రాలు వద్దు అన్నయి, దేశంల 60 శాతం వద్దు అన్నరు. ఆ మరుసటి వారం మేము మళ్ల ఒకసారి పోతే ఆ కిచెన్‌ల మాటలే లేవు. అయినా నెగడు ముట్టించి ఉన్నది, పొయ్యి మీద సూపు ఉన్నది, మనుషులు వచ్చి కూసున్నరు. ఓడిపోయిన నాడు కూడ పోయి కూసునే జాగ ఒకటి వాళ్లకు ఉన్నది అనిపించింది.

ఇంకొకటి. ఆ దేశంల అందరికన్న పేరున్న ఆబొరిజినల్ జాగ ఏ బిల్డింగూ కాదు. 1972 జనవరి 26న నలుగురు యువకులు కాన్‌బెర్రాల అప్పటి పార్లమెంటు ఎదురుంగ గడ్డి మీద ఒక గొడుగు పాతి, ఇది మా రాయబార కార్యాలయం అన్నరు, మా భూమిల మేమే పరాయోళ్లం అయినం కాబట్టి అని. గొడుగు పోయి టెంట్లు వచ్చినయి, పోలీసులు పీకేసిన్రు, మళ్ల వేసిన్రు, 50 ఏండ్లు దాటినా ఆ టెంట్ ఎంబసీ అక్కడనే ఉన్నది. గొడుగు కిందనన్న జనం కూడుతరు, వాళ్లదే అయితే.

మన దగ్గర లేదా ఇది? బ్రహ్మాండంగ ఉన్నది, మనమే మర్చిపోయినం. 1940ల జోడేఘాట్ కొండల్ల కొమురం భీం నేలకొరిగినంక, నిజాం సర్కారు గోండులు ఎందుకు తిరగబడ్డరో చూడుమని హైమెన్‌డార్ఫ్ అనే పండితుడిని పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిల గుడిసె వేసుకొని ఉన్నరు. 1943ల ఆ మార్లవాయిలనే గోండు యువకులను టీచర్లుగ తయారుచేసే సెంటర్ పెట్టిన్రు, గోండి భాషల వాచకాలు వేసిన్రు. అంటే గోండు పిల్లకు గోండు టీచర్ గోండిల చెప్పుడు 80 ఏండ్ల కిందనే మన ఆదిలాబాద్‌ల అయింది. కేస్లాపూర్ నాగోబా జాతరల దర్బారు పెట్టుడు కూడ ఆయన కాలంలనే మొదలైంది, ఇప్పటికీ మెస్రం వంశస్తులు పుష్య అమావాస్యకు నాగోబాకు పూజ చేస్తరు, దర్బారుల ఆదివాసీలు అధికారుల ముందట తమ బాధలు చెప్పుకుంటరు. గుంజాల అనే ఊర్లె, నార్నూర్ మండలం, గోండి చేతిరాత పుస్తకాలు బయటపడ్డయి, వేరే సొంత లిపి, ఆ లిపికి 2018ల యూనికోడ్ కూడ వచ్చింది. ఇప్పుడు ఫోన్ల రాసుకోవచ్చు. రాసేటందుకు నేర్పే జాగ ఎన్ని ఊర్లల్ల ఉన్నది?

2024 ఒక్క ఏడాదిల మనం ఇద్దరిని పోగొట్టుకున్నం. జూన్‌ల సకిని రామచంద్రయ్య గారు, మణుగూరు దగ్గర కూనవరం, కంచుతాళం, డోలు, సమ్మక్క సారలమ్మ కథ, 2022ల పద్మశ్రీ. అక్టోబర్‌ల గుస్సాడి కనకరాజు గారు, గోండుల గుస్సాడి ఆటకు పేరున్న మనిషి, మార్లవాయి ఆయనే, 2021ల పద్మశ్రీ. అవార్డు వచ్చినప్పుడు శాలువాలు కప్పినం, పోయినప్పుడు సంతాపం చెప్పినం. మధ్యల ఉన్న రోజులల్ల రోజూ సాయంత్రం పది మంది పిల్లలను ఆ పెద్దమనుషుల ముందట కూసోబెట్టి, ఆ పెద్దలకు ఒక టీచర్‌కు ఇచ్చినట్టు నెలకు జీతం ఇచ్చి, నేర్పియ్యండి అని అడిగిన జాగ ఉంటే ఎట్ల ఉండునో అని ఆలోచిస్తే నాకు నిద్ర పట్టది. కోయ భాష మాట్లాడేటోళ్లు 2011 లెక్కల ప్రకారం దేశం మొత్తంల 4 లక్షల పైచిలుకు. నలుగురు డోలి పెద్దలు పోతే పోయేది నలుగురు మనుషులు కాదు.

మేడారం సంగతి కూడ చెప్పాలె. రెండేండ్లకోసారి మాఘ పున్నమికి మనం అందరం పోతం, నేనూ పోత, కోటి మంది దాక వస్తరు అంటరు, బంగారం పేరు మీద బెల్లం ఇస్తం, జంపన్నవాగుల స్నానం చేస్తం, చిలుకలగుట్ట నుంచి కోయ పూజారులు సమ్మక్క తల్లిని తోలుకొస్తుంటే దండం పెడతం. నాలుగు రోజులు. ఆ తర్వాత రెండేండ్ల దాక ఆ కథ ఎవరిదో, ఆ భాష ఏందో వరంగల్ల ఉన్న మనకు పట్టది. మేడారంల మ్యూజియం ఉన్నది, జోడేఘాట్‌ల ఉన్నది, హైదరాబాద్‌ల 2022ల కట్టిన కొమురం భీం ఆదివాసీ భవన్ ఉన్నది, ఇవన్నీ మంచి పనులే, నేను తక్కువ చేస్తలేను. కానీ అద్దం వెనుక పెట్టిన పడిగె పాడది. దాన్ని ముట్టుకొని, మడత విప్పి, వానకు తడవని జాగల గుంజకు కట్టి పాడేటోడు కావాలె, వినే పిల్ల కావాలె.

దీనికి కూడ అక్కడ చూసినదే ఒకటి చెప్త. ఆ విక్టోరియా ప్రాంతపు ఆబొరిజినల్ వాళ్లకు వెనుకట పోసమ్ అనే చెట్లెక్కే జంతువు తోళ్లు కుట్టి కప్పుకునే దుప్పటి ఉండేది. పిల్ల పుట్టినప్పుడు చిన్నగ మొదలుపెట్టి, పిల్ల పెరుగుతుంటే తోళ్లు కలుపుకుంట పోయేటోళ్లట, లోపలి వైపు ఎవరి వంశం గుర్తులు వాళ్లు గీసుకునేటోళ్లు, సచ్చిపోతే అండ్లనే చుట్టి పూడ్చేటోళ్లు. తెల్లోళ్ల దుప్పట్లు వచ్చి ఆ విద్య అడుగంటింది. మెల్‌బోర్న్ మ్యూజియంల పాతవి రెండే మిగిలినయి. 1999ల కొందరు ఆబొరిజినల్ మహిళా ఆర్టిస్టులు అండ్ల ఒక దుప్పటి చూసి, కొలతలు తీసుకొని, మళ్ల కుట్టుడు మొదలుపెట్టిన్రు. ఊరూర కూసోబెట్టి పెద్దోళ్లతోని, పిల్లలతోని కుట్టిపిచ్చిన్రు. 2006 కామన్వెల్త్ గేమ్స్ ఓపెనింగ్ నాడు 35 భాషా సమూహాల పెద్దలు ఎవరి దుప్పటి వాళ్లు కప్పుకొని నడిచిన్రు. ఆ ఇంట్ల కూడ ఒకటి ఉన్నది, పుట్టిన పిల్లలను మొదటిసారి తెస్తే అండ్ల పండుకోబెట్టి ఫొటో తీస్తరట. నేను ముట్టుకుంట అని సైగ చేస్తే ముట్టుకోమన్నరు. లోపలి వైపు వేలుతోని తడిమితే గీతలు తగిలినయి. నాకు ఆ ముసలాయన పాలిథిన్ కవరు యాదికొచ్చింది.

ఇక నా స్కూలు ముచ్చట ఒకటి. కొత్తగ పోయిన రోజులు, ఒకటో తరగతిల ఒక పిలగాడు మాటిమాటికి లేచి ఏర్, ఏర్ అంటున్నడు. తెలుగుల ఏరు అంటే వాగు కద, క్లాసు ఎగ్గొట్టి వాగుకు పోత అంటున్నడు అనుకొని కూసో అని గదిమిన. మూడోసారి లేస్తే చెవి మెలిపెట్టిన. మధ్యాహ్నం వంట చేసే ఆమె చెప్పింది, సారూ కోయల ఏర్ అంటే నీళ్లు అని. పొద్దటి సంది ఆ పిలగాడు దాహం అని చెప్తున్నడు. ఆ పిల్లగాని మొఖం నేను మర్చిపోలేదు. ఆనాడు ఆ ఊర్ల నాసొంటి కొత్త టీచర్ పోయి కూసొని వారం రోజులు ఊరి భాష, ఊరి పద్ధతి నేర్చుకునే ఇల్లు ఒకటి ఉంటే అది జరిగేది కాదు. ఇప్పుడు కూడ డాక్టర్లు, నర్సులు, ఫారెస్టోళ్లు, పోలీసులు, సెక్రటరీలు కొత్తకొత్తోళ్లు ఏజెన్సీకి పోతనే ఉన్నరు, వాళ్లకు ఎవరు చెప్తున్నరు? అక్కడ మెల్‌బోర్న్‌ల ఆఫీసుల్ల పనిచేసేటోళ్లు వచ్చి పెద్దల ముందట కూసొని వింటున్నరు, దానికి ఆ ఆఫీసులు ఆ ఇంటికి ఫీజు కడుతున్నయి. ఇది మన దగ్గర చెయ్యరానిది ఏం కాదు.

వరంగల్, హన్మకొండ సంగతి వేరే. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, కొత్తగూడెం నుంచి ఎంతమంది ఆదివాసీ పిల్లలు ఇక్కడ చదువుకుంటున్నరు, కాకతీయ యూనివర్సిటీల, కాలేజీ హాస్టళ్లల్ల, కోచింగ్ సెంటర్ల చుట్టు అద్దె రూములల్ల. నా పాత స్టూడెంట్ ఒక పిల్ల ఇక్కడ డిగ్రీ చదువుతుంటే కలిసింది, ఇంటికి ఫోన్ చేస్తే కోయల మాట్లాడుతవా అని అడిగిన. మాట్లాడుత సార్, కానీ టెర్రస్ మీదికి పోయి మాట్లాడుత, రూముల మాట్లాడితే నవ్వుతరు అన్నది. 20 ఏండ్ల పిల్ల తల్లితోని తల్లిభాషల మాట్లాడనీకి టెర్రస్ ఎక్కుతున్నది కాకతీయుల రాజధానిల. ఈ సిటీల ఒక ఇల్లు కావాలె. ఫంక్షన్ హాల్ వద్దు, ఏసీలు వద్దు. ఒక పెద్ద వంటరూము, ఒక దొడ్డి, నడుమ నెగడు, పక్కన పదిమంది పండుకునే జాగ, ఎంజీఎం పెద్దాసుపత్రికి పేషెంటును తెచ్చుకున్నోళ్లు కూడ వచ్చి తల దాచుకునేటట్టు. ఆదివారం ఇప్పపువ్వు వంటకం చేసుకొని తినాలె, రేల పాట పాడుకోవాలె, ఆ పిల్ల కిందనే కూసొని గట్టిగ కోయల మాట్లాడాలె. కోయలు, నాయకపోళ్లు, గోండులు, కొలాములు, తోటీలు ఎవరు వచ్చినా ఎవరి రోజు వాళ్లకు ఉండాలె, అది వాళ్లే కూసొని తేల్చుకుంటరు, మనం మధ్యల పోవద్దు.

గూడేలల్ల అయితే కొత్తగ కట్టాల్సిన పని కూడ చాలాచోట్ల లేదు. ఉన్న హాళ్లు ఉన్నయి. వాటి తాళం చెవులు గ్రామసభకు అప్పజెప్పండి, రాతపూర్వకంగ. ఇది దయ కాదు. 1996 పెసా చట్టంల, అంటే ఆదివాసీ ప్రాంతాల పంచాయతీల చట్టంల, స్పష్టంగ ఉన్నది, రాజ్యాంగంల ఐదో షెడ్యూల్ కింద ఉన్న ఆదివాసీ ప్రాంతాలల్ల తమ సంప్రదాయాలు, ఆచారాలు, సాంస్కృతిక గుర్తింపు కాపాడుకునే అధికారం గ్రామసభదే అని. సంస్కృతిని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చి, ఆ సంస్కృతి కూసునే హాలు చెవి సొరుగుల పెట్టుకునుడు ఏం న్యాయం? లోపల ఉన్న సిమెంటు సంచులు, బ్లీచింగ్ బస్తాలు తీయించండి. వారానికి మూడు సాయంత్రాలు అయినా డోలి పెద్దను, వడ్డెను (కోయ పూజారిని), పాటలు తెలిసిన అవ్వను కూసోబెట్టండి, వాళ్లకు నెలనెల గౌరవ వేతనం ఇయ్యండి, పండుగకు ఒకసారి ఇచ్చే శాలువా కాదు. రికార్డింగులు చేస్తే ఆ ఫోను, ఆ హార్డ్ డిస్కు కూడ ఆ ఊరోళ్ల దగ్గరే ఉండాలె, పరిశోధన పేరు మీద తీసుకపోయి మళ్ల మొఖం చూపియ్యనోళ్లను నేను ఆ 11 ఏండ్లల్ల చానామందిని చూసిన. ఏది బయటికి చెప్పాలె, ఏది వేల్పుల ఇంటి గుట్టు అనేది కూడ వాళ్లిష్టం.

ఒకటి మాత్రం అధికారులు భయపడుతరు, చెవి ఇస్తే హాలు పాడుచేస్తరు, తాగి పండుకుంటరు అని. నాతోనే అన్నరు ఒకాయన. నేను చూసినంతవరకు ఊరోళ్లు తమ వేల్పుల గుడిసెకు ఏడాదికోసారి గడ్డి మార్చి, పేడతోని అలికి, ఒక్క పుల్ల పోకుండ కాపాడుకుంటున్నరు, దానికి తాళమే లేదు. హాలు పాడైంది మా ఊర్ల అయితే చెదలతోని, మూసిపెట్టినందుకు.

మీ పేపర్‌కు ఒక విన్నపం. మీ రిపోర్టర్లు ప్రతి మండలంల ఉన్నరు. ఏజెన్సీ మండలాలల్ల ఆదివాసీల పేరు మీద కట్టిన హాళ్లు, భవనాలు ఎన్ని ఉన్నయి, అండ్ల ఎన్నిటికి తాళం ఉన్నది, ఆ చెవి ఎవరి దగ్గర ఉన్నది, లోపల ఏమున్నది, ఈ నాలుగు ముచ్చట్లు ఊరూర అడిగి వరుసగ వెయ్యండి. పేర్లు పెట్టి ఎవరినీ తిట్టాల్సిన పని లేదు, చెవి ఎక్కడున్నదో వేస్తే చాలు, మిగిలింది కలెక్టర్లు, ఐటీడీఏ (గిరిజన అభివృద్ధి సంస్థ) వాళ్లు చూసుకుంటరు. హన్మకొండల ఇంటి కోసం ఎవరన్న ఆదివాసీ విద్యార్థి సంఘాల పిల్లలు ముందుకొస్తే, నాసొంటి పాత టీచర్లం పదిమందిమి ఉన్నం, మా పెన్షన్‌ల నుంచి నెలకు ఇంత అని అద్దెకు ఇస్తం, కమిటీల మాత్రం మేము ఉండం, అది వాళ్లదే.

నా దగ్గర ఆ రోజులల్ల టేప్ రికార్డర్ల పట్టిన క్యాసెట్లు నాలుగు ఉన్నయి, పెండ్లి పాటలు, విత్తనాల పండుగ పాటలు, ఒకదాంట్ల సగం దాక ఆ డోలి పెద్దాయన గొంతు ఉన్నది, అంతకుముందు ఏడాది వచ్చినప్పుడు పట్టింది. ఎవరికియ్యాలెనో తెల్వక బీరువాల గుడ్డల నడుమ పెట్టిన. ఆయన మనవడు ఇప్పుడు పెద్దోడయి ఉంటడు, డోలు పట్టుకున్నడో లేదో. ఆ గూడెం హాలు తలుపు తెరిచిన నాడు నాకు కబురు చేస్తే ఆ క్యాసెట్లు నేనే తెచ్చి ఆ ఊరి చేతుల పెడత.

ఇట్లు,
రిటైర్డ్ టీచర్,
హన్మకొండ